మరదలి ప్రయాణానికి టైర్లు

రెండో లీవరు కూడా అంచు కిందికి దూర్చి, మోకాలితో అదిమిపట్టాక గానీ టైరు రిమ్మును వదల్లేదు. ఎక్కించి గంట కాలేదు, అప్పుడే దించడం. ఆయన బ్రష్షు సబ్బునీళ్లలో ముంచి అంచు చుట్టూ మళ్లీ పూస్తూ పళ్లు నూరుకున్నాడు. ఎడమ భుజం పొద్దుట్నుంచీ లాగుతోంది. అదే టైరును ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కిస్తే ఎవరికి మాత్రం లాగదు? ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టదు. అందరికీ సబ్బునీళ్లాయనే.

"కోపమొచ్చిందా అన్నయ్యా?" అన్నాడు తోడల్లుడు, కుర్చీలోంచి లేవకుండానే.

"కోపమెందుకు? నాకింకేం పని?"

పని బోలెడంత ఉంది. గుమ్మంలో పాల వ్యాను ఒకటి చక్రం చప్పబడి కూర్చుంది. కానీ చుట్టం వచ్చి కుర్చీ వేసుకుంటే మిగతా బేరాలన్నీ గాలికి పోవలసిందే. నీళ్ల సరఫరా ఆఫీసులో రిటైరయ్యాక తోడల్లుడు ఎవరికీ చెప్పాపెట్టకుండా ఏనుగంత అడ్వెంచర్ బైకు కొన్నాడు. ఇన్నాళ్లూ దాని మీద కూరగాయలు తెచ్చాడు. రేపు పొద్దున్నే భార్యను వెనక కూర్చోబెట్టుకుని కొండల అవతలి పల్లెలకు వెళతాడట. ఆ భార్యే ఈయన మరదలు.

పొద్దున రాగానే బటన్ టైర్లు కావాలన్నాడు. బొటనవేలంత గడ్డలు, మధ్య లోతైన సందులు. ఫోటోల్లో బండి దర్జాగా ఉంటుందని ఆశ. తడి తారు మీద మలుపు తిరిగితే ఆ గడ్డలు ఒరిగి బండి జారుతుందని ఆయన చెప్పాడు. వింటేగా! ఎక్కించాడు. తోడల్లుడు వీధి చివరిదాకా వెళ్లొచ్చి, పిండిమరలా రొద చేస్తోందన్నాడు. దించాడు. ముందు బటన్, వెనక రోడ్డు టైరు వేద్దామన్నాడు.

"రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది" అన్నాడు ఆయన.

"అందరూ అలాగే వేయించుకుంటున్నారన్నయ్యా, వీడియోలో చూశాను."

సరేనని అదీ వేశాడు. వేశాక, వెనకవైపు బోసిగా ఉందన్నాడు తోడల్లుడు. ఆయన గోడకు ఆనించిన ఆ బండి పాత టైరు వైపు చూశాడు. నడుమ కాస్త అరిగిందంతే. కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు పక్కల ఇంకా ఊడనైనా లేదు. అంటే ఈ మహానుభావుడు ఇన్నాళ్లలో ఒక్క మలుపులోనైనా బండిని వంచి తిప్పలేదన్నమాట. ఇలాంటివాడికి కొండదారి!

"రెండింటికీ రోడ్డు టైర్లే వేస్తాను. ఈ ఒక్కసారికీ నా మాట విను."

ఆయన మాట వినేవాళ్లు ఎప్పుడూ తక్కువే. ఇల్లు ఎటువైపు కట్టాలో మామగారు తేల్చారు. కొడుకు ఏం చదవాలో కొడుకే తేల్చుకున్నాడు. దుకాణం బోర్డుకు ఏ రంగు వేయాలో ఆయన బోల్టులు తేవడానికి వెళ్లిన వేళ భార్యా, పెయింటరూ కలిసి తేల్చేశారు. టైర్ల దగ్గరైనా తన మాట చెల్లాలని ఆయనకు పంతం. ఇవాళ మాత్రం అది వట్టి పంతం కాదు, భయం. మామగారు పోయేనాటికి మరదలు చిన్నపిల్ల. సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లింది ఆయనే. ఆ పిల్ల రేపు ఈ వాగుడుకాయ వెనక కూర్చుని లోయల పక్కన వెళుతుంది.

భార్య ఫోను చేసింది. "ఏమండీ, ఆయనకేం కావాలో అది బిగించి పంపించెయ్యండి. మీకెందుకా గొడవ?"

"వెనక కూర్చునేది నీ చెల్లెలే కదటే!"

"అది మీకంటే గట్టిది. మీరు తిన్నారా?"

తినలేదు. ఆ మాట చెబితే ఇంకో గొడవ అని ఫోను పెట్టేశాడు.

ఎండ వాలుతుండగా మరదలే వచ్చింది. గుమ్మంలో నిలబడి నేల మీద దొర్లుతున్న టైర్లనూ, మొగుణ్ణీ, బావనూ చూసి నడుం మీద చేయి వేసుకుంది.

"పొద్దున వచ్చినవాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారా? మీ ఇద్దరికీ మతి ఉందా?"

"మీ బావ మొండివాడు" అన్నాడు మొగుడు.

"నీ మొగుడికి ఏం కావాలో వాడికే తెలీదు" అన్నాడు బావ.

ఆమె గొంతుక్కూర్చుని రోడ్డు టైరు గాడుల్లో గోరు పెట్టి చూసింది. "బావా, ఆ దారి నువ్వెప్పుడైనా చూశావా?"

ఆయన చూడలేదు. అటునుంచి వచ్చిన టైర్లను చూశాడు గానీ తాను వంతెన దాటి అవతలికి వెళ్లిన పాపాన పోలేదు. ఆమె ఆ పల్లెల్లో నర్సుగా పనిచేసింది. టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఏళ్లతరబడి ఆ దారంతా జీపులో తిరిగింది.

"కొండ మీదిదాకా తారే. నువ్వన్నట్టు అక్కడ బటన్ వేసుకుంటే ప్రమాదమే. కానీ దిగాక అంతా ఎర్ర బంకమట్టి. దీని గాడుల్లో బంక కూరుకుంటే టైరు గుండులా నున్నగా అయిపోతుంది. మా డ్రైవరు ఆగి ఆగి పుల్లతో గీకేవాడు. మధ్యరకం ఏదీ లేదా నీ దగ్గర?"

ఉంది. అటక మీద ఉంది. నడుమ గడ్డలు ఒత్తుగా, పక్కలకు ఎడం ఎడంగా. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"ఉంది. నాకు తట్టలేదు." అటక వైపు చూస్తూ, "కాదులే. తట్టింది, చెప్పలేదు. వీడి మాట నెగ్గినట్టవుతుందని" అన్నాడు.

"చూశావా, సగం సగం అని నేను ముందే అన్నాను!" తోడల్లుడు కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు నోరు మూసుకుని ఆ నిచ్చెన పట్టుకో."

మరదలు పకపకా నవ్వింది. చక్రం కదలకుండా తనే పట్టుకుంది. టైరు పక్కనున్న బాణం గుర్తు చూసి, తిరిగే వైపు సరిగ్గా ఉందని తనే చెప్పింది. ఈసారి అంచు ఏ మొండితనమూ చేయకుండా రిమ్ములో కూర్చుంది. గాలి పట్టించి, రెండు చక్రాలూ బిగించి, ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"కొత్త టైర్లు జారతాయి. ముందు వీధి చుట్టూ ఓసారి తిప్పి తీసుకురా, మెల్లగా పోనీ" అన్నాడు తోడల్లుడితో. "అమ్మడూ, గట్టిగా పట్టుకో."

బండి వెళుతుంటే ఆయన గోడ పక్కన పేర్చిన టైర్ల మీద కూర్చున్నాడు. వీధి మలుపులో తోడల్లుడు మొట్టమొదటిసారి బండిని నిజంగా వంచాడు. జారలేదు. వెనక మరదలి చీర చెంగు ఒక్కసారి ఎగిరి, కనుమరుగైంది. హమ్మయ్య అనుకున్నాడు ఆయన. రొద కూడా లేదు. ఇంక ఏ భయమూ లేదనిపించి, ప్రాణం హాయిగా ఉండి, గోడకు తల ఆనించాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి పాల వ్యాను అలాగే ఉంది. దుకాణంలో చప్పుడు లేదు.

"బావా, భలే ఉన్నాయి. వెనక వాల్వుకి మూత పెట్టడం మాత్రం మర్చిపోయావు" అంటూ మరదలు లోపలికి వచ్చింది.

ఆయన పలకలేదు. ఆమె భుజం తట్టింది. తర్వాత మణికట్టు పట్టుకుని, మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, మళ్లీ మణికట్టే పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. ఏదో అడగబోయిన తోడల్లుడు ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

ఆయన ఒళ్లో తెరిచి ఉన్న రెండో అరచేతిలో, సబ్బునీళ్ల తడి ఇంకా ఆరని చిన్న నల్లటి మూత ఉంది.