పట్టాలు మీవే

నేను ఒక ఇనుప పట్టాను. ఎంత పొడవున్నా కదలకుండా పడి ఉండడమే నా ఉద్యోగం. ఎక్కడో ఉత్తరాది కొలిమిలో ఎర్రగా సాగి, గోదావరి కాలువ పక్కనున్న ఈ పట్టణానికి వచ్చాను. నన్నూ నా జంటనూ స్టేషను నుంచి బియ్యం గోదాముల దాకా పరిచారు. చాలా ఏళ్లు మా మీద గూడ్సు బళ్లు నడిచాయి. తర్వాత లారీలు వచ్చాయి. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక రోజు బండి రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

బళ్లు మానేశాక మనుషులు వచ్చారు. పేరంటాలు అనే ఆమె సరిగ్గా నా పక్కనే రేకుల ఇల్లు వేసుకుని బజ్జీలు అమ్మేది. ఆ కాస్త స్థలానికి పట్టా ఇమ్మని కనిపించిన ప్రతి అధికారినీ అడిగేది. తీరిక దొరికితే నా మీద బాదంకాయ పెట్టి రాయితో కొట్టి పప్పు తీసేది. ఆ దెబ్బకు నేను మోగేదాన్ని. రైలు పోయాక నన్ను మోగించింది ఆమె ఒక్కతే.

కొన్నాళ్లకు టేపులు పట్టుకుని కొందరు వచ్చారు. నన్ను కొలిచేవాళ్లను నేను ఎన్నడూ నమ్మలేదు. వీళ్లు నిమిరారు కూడా. "తుప్పు కూడా ఎంత అందంగా ఉందో" అన్నాడు ఒకాయన. తుప్పును మెచ్చుకునేవాడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

షామియానా వేసి మీటింగు పెట్టారు. పాడుబడిన ఈ లైను పార్కు అవుతుందని, నడవడానికి బాట, పూలమొక్కలు, బల్లలు వస్తాయని ఆ టేపులవాళ్లతో వచ్చిన కళ్లజోడు సారు చెప్పాడు. వెనక నుంచి పేరంటాలు లేచింది.

"మరి పట్టాల సంగతేంటండీ?"

"పట్టాలు ఎక్కడికీ పోవమ్మా. పట్టాలు మీవే. మీ మనవలు కూడా చూసుకుంటారు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె అడిగింది స్థలం పట్టా. ఆయన చెప్పింది నా గురించి. ఆ పేరు నాదీ కనుక తేడా నాకు వెంటనే తెలిసింది, చెప్పడానికి నోరు లేదు. ఆయన తెలియక అన్నాడా, తెలిసే అన్నాడా? ఆయన తెలుగువాడే. అందుకే నాకు అనుమానం.

ఆ సాయంత్రం పేరంటాలు బెల్లం పంచింది.

"స్థలం గలదానివైపోయేవు పిన్నీ, ఇంక మాతో మాటాడతావా?" అన్నాడు పక్కింటి ఏసుబాబు.

"మాటాడతాను గానీ, ఇంట్లోకొచ్చేటప్పుడు కాళ్లు కడుక్కుని రా."

నాకు కూడా పసుపు రాసి బొట్టు పెట్టింది. జాతర మేకకూ అలాగే పెడతారు.

పనులయ్యేదాకా కాస్త జరగమన్నారు. స్థలం తనదేనన్న ధైర్యంతో ఆమె తన రేకులు తనే విప్పుకుంది. మిగతావాళ్లూ అంతే. ఎవరూ గొడవ పడలేదు.

తర్వాత నా జంటను ముక్కలుగా కోసి తుక్కు లారీ ఎక్కించారు. బాటకు వెడల్పు చాలలేదట. ఇన్నేళ్లలో మా మధ్య దూరం పెరగలేదు, తగ్గలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పలేను. నాకు నల్లరంగు వేసి, పక్కన 'పట్టాలపై కూర్చోరాదు' అని బోర్డు పెట్టారు. బహువచనం. ఉన్నది నేనొక్కదాన్నే.

పార్కు తెరిచాక పేరంటాలు వచ్చింది. ఏసుబాబుకు అక్కడే కాపలా పని దొరికింది.

"పట్టాలు ఎప్పుడిస్తారంటరా?"

అతను మెడలోని ఈల సర్దుకున్నాడు. "నేనూ అడిగేను పిన్నీ. పట్టాలంటే ఇయ్యేనంట." నన్ను చూపించాడు.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. వచ్చి నా మీద కూర్చుంది. కొంగుముడి విప్పి బాదంకాయ తీసింది. పూలమొక్కల చుట్టూ పేర్చిన రాళ్లలో ఒకటి చేతిలోకి తీసుకుంది.

"కూర్చోకూడదు పిన్నీ. నా ఉజ్జోగం పోద్ది."

"నా పట్టా మీద నేను కూర్చున్నాను. నువ్వు ఈల ఊదుకో."

అతను ఈల నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేదు. నడిచేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఆమె రాయి ఎత్తి కొట్టింది. నల్లరంగు పెచ్చుగా లేచింది. నేను మోగాను, గేటు దాకా వినిపించేలా.