గడియారం మేడ తాళం

సోమవారం పొద్దున మూడో మంచం మీద పడుకున్న తాళాలాయన, ఇదే ఆఖరిసారని నర్సుకి చెప్పేశాడు. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు, చేతికి రెండు సూదులు గుచ్చుకుని రక్తాన్ని మిషను చేత కడిగించుకోవడం ఇక తన వల్ల కాదు. మానేస్తే ఎన్నాళ్లుంటాడో డాక్టరు దాచకుండా చెప్పాడు. "పది రోజులా? చాలు లెండి," అన్నాడీయన. పక్కనున్న భార్య ఏడుపు అందుకుంది.

ఆ గదిలో నాలుగు మంచాలు. కిటికీ పక్కది కథలక్కది. ఆమె కూడా రోగే. కానీ సూదులు పడగానే ఏదో ఒక కథ అల్లుకుంటూ పోతుంది. మిగతా రెండు మంచాల మీదున్న టైలరూ బస్సు డ్రైవరూ చెవులప్పగిస్తారు. తాళాలాయన మాత్రం ముఖం గోడవైపు తిప్పుకుంటాడు. కథలు పనిలేనివాళ్లకని ఆయన లెక్క.

ఆ రోజు కథలో ఊరి మీదికి వరద వస్తోంది. గడియారం మేడెక్కి గంట కొడితేనే ఊరు లేస్తుంది. ఒక పిల్ల పరుగున ఎక్కింది. తీరా చూస్తే గంట గదికి ఇత్తడి తాళం.

"జడపిన్ను తీసింది. తాళంలో పెట్టి మూడుసార్లు గిర్రున తిప్పింది. ఊడొచ్చేసింది!" అంది కథలక్క.

"ఆహా!" అన్నాడు టైలరు. ఆ రోజుకి కథ అక్కడే ఆగింది.

బుధవారం తాళాలాయన ఇంట్లోనే కూర్చున్నాడు. భార్య ఒకే తువ్వాలుని మూడోసారి మడత పెడుతోంది.

"ఏమే, ఇవాళ ఆవిడ గంట కొట్టించేస్తుందంటావా?"

"ఏ గంట?"

"అదే, ఆ పిల్ల చేత. జడపిన్నుతో తాళం తీయించిందిగా, మహాతల్లి!"

"కొట్టిస్తే కొట్టిస్తుంది. మీరు వెళ్లరుగా, మీకెందుకు?"

"నాకెందుకేంటి! ఒక్క పిన్నుతో తాళం ఊడొస్తే నలభై ఏళ్లు తాళాల కొట్లో నేనేం చేసినట్టు? దానికి ఆ టైలరు ఆహా అనడమొకటి! నా చెప్పులేవి?"

"రెండు రోజులు నేనేడిస్తే కదలని మనిషి, లేని తాళానికి కదిలాడమ్మా!" అంటూ ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పడేసింది. ఆసుపత్రి ఫైలు అప్పటికే ఆమె చంకలో ఉంది.

అరగంట ఆలస్యం. నర్సు సణుగుతూనే సూదులు పెట్టింది.

"పిల్ల గంట తాడు అందుకుని..." అంటోంది కథలక్క.

"ఆపమ్మాయ్! ముందా తాళం మళ్లీ వెయ్యి."

"ఇదేం గొడవ బాబాయ్? పిల్ల ఇప్పుడేగా లోపలికెళ్లింది!" అన్నాడు డ్రైవరు.

"బయటికి రమ్మను."

అందరికంటే ముందు కథలక్కే పకపకా నవ్వింది. "తాళాల సంగతి నాకేం తెలుసు బాబాయ్ గారూ! మా ఇంటి తాళమే నా మాట వినదు. మీరే తీయండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒకటి చాలదు. రెండు పిన్నులు కావాలి. ఒకటి తాళాన్ని తిప్పీ తిప్పనట్టు పట్టుకోవాలి. రెండోది లోపలున్న ఐదు కడ్డీల్నీ ఒక్కొక్కటే పైకెత్తాలి. పిల్ల ఎత్తింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదోది మొరాయించింది. కింద నీళ్లు మొదటి మెట్టు దాటాయి..."

నీళ్ల సంగతి తనను ఎవరు చెప్పమన్నారో ఆయనకే తెలియదు. సూదుల్లేని చేతి వేళ్లు గాల్లో మెల్లగా కదులుతున్నాయి.

"తీయ్ బాబాయ్!" అన్నాడు టైలరు, ఉండబట్టలేక.

"తొందరపడితే నాలుగూ జారిపోతాయి. పిల్ల ఊపిరి బిగబట్టింది. ఇంకాస్త... ఇంకాస్త... టక్!"

డ్రైవరు ఉంగరమున్న వేలితో మంచం కమ్మీ మీద ఖంగున కొట్టాడు. టైలరు స్టీలు గ్లాసు అందుకున్నాడు. కథలక్క గాజులతో వాయించింది. ఒక చెయ్యి సూదులకి ఇచ్చి రెండో చేత్తో, నాలుగు ఇనుప మంచాలూ మోగించారు.

నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఊరు లేచింది సిస్టర్!" అని కేకేశాడు తాళాలాయన. ముఖం వెలిగిపోతోంది. "పిల్ల ఇంకా మేడ మీదే ఉంది. శుక్రవారం దింపాలి. ఈ మంచం ఎవరికైనా ఇచ్చారో, ఊరుకోను!"