చింతదిమ్మ

సింహాద్రమ్మ దిమ్మ లాగింది. ట్రాక్టరు నాలుగు బారలు పైకి పాకి జీడిమొక్కల మధ్య ఆగింది. ఆమె వంగి, దిమ్మను మళ్లీ వెనక చక్రం కిందికి తోసి, మడమతో గట్టిగా తన్ని, "పెట్టీసినాను బావూ" అంది. ఆ మాట వింటేగాని డ్రైవరు సింగన్న ఇంజను ఆపడు. మిగిలిన కూలీలు ట్రాక్టరు వెనక ఉన్న డ్రమ్ములోంచి నీళ్లు పట్టుకుని మొక్కలకు పోసి వచ్చేదాకా దిమ్మ పక్కనే నిలబడాలి. తర్వాత మళ్లీ లాగాలి, మళ్లీ నడవాలి, మళ్లీ తొయ్యాలి. పొద్దున పనిలోకి దిగింది మొదలు పొద్దుగూకేదాకా ఆమె ఉద్యోగం ఇదే.

దిమ్మ చింతచెక్కది, మూరెడు పొడవు. ఒక పక్క ఏటవాలుగా చెక్కి, రెండో పక్క పట్టుకోవడానికి తాడు కట్టి ఉంటుంది. అది ఆమె తండ్రిది. ఆయన చింతపల్లి ఘాటీలోంచి నర్సీపట్నం సంతకు చింతపండు బండి తోలేవాడు. ఎద్దులు ఎగువలో ఊపిరికి ఆగినప్పుడల్లా చక్రం కింద దిమ్మ పెట్టడానికి గౌను తొడుక్కునే వయసులోనే ఆమెను వెంట తిప్పాడు. బండి పోయింది, ఎద్దులు పోయాయి, తండ్రీ పోయాడు. పెళ్లయింది, మొగుడు కలరాలో పోయాడు. ఎర్రమెట్ట మీద సర్కారు జీడితోట వేస్తే గోతులు తవ్వింది, కుండలతో నీళ్లు మోసింది, నడుము వంగింది. చివరికి ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే వచ్చింది. చక్రం వెనక్కి.

ఈ ట్రాక్టరు వచ్చింది ఎనభై మూడులో. ఏదో పరాయి దేశం వాళ్లు దానంగా ఇచ్చారట. చిన్నది, నారింజరంగుది, చూడ్డానికి ముచ్చటైనది. దీనికి మన ట్రాక్టర్లలా గేర్లు లేవు. లోపల నూనె ఒత్తిడి మీద నడుస్తుంది. కాలితో ముందుకు నొక్కితే ముందుకి, వెనక్కి నొక్కితే వెనక్కి. ఇరవై ఏళ్లు గేరుబళ్లు తోలిన సింగన్న మొదటిసారి అలవాటు ప్రకారం వాలు మీద ఇంజను ఆపేసి, దిగి చుట్ట వెలిగించుకున్నాడు. గేరుబండి అయితే గేరులో పెడితే కదలదు. ఇది కదిలింది. చప్పుడు లేకుండా, నిద్రలో నడిచే మనిషిలా వెనక్కి జారి, గట్టు కొట్టుకుని ఆగింది. దానికి చేతిబ్రేకు ఒక్కటే దిక్కు. ఆ బ్రేకు తీగ ఆరునెలలకే తెగింది. కొత్త తీగ పరాయి దేశం నుంచి రావాలన్నారు. రెండు వానాకాలాలు వెళ్లాయిగాని తీగ మాత్రం రాలేదు.

తీగ తెగినప్పుడే తోట ఆఫీసరు సోమయాజులు గారు సింహాద్రమ్మను పిలిపించారు. "నువ్వు ఈ బండిని వదిలి అంగుళం కదలకూడదు. ఏదైనా జరిగితే నీదే పూచీ" అన్నారు. అంటే బండి సంగతి ఆయనకు తెలియక కాదు. అందరికంటే బాగా ఆయనకే తెలుసు. ఈ కథలో ఎవరికీ ఏదీ తెలియకపోవడం లేదు. అందుకే నాకు ఒళ్లు మంట.

ఆ రోజు విశాఖపట్నం నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడు. ట్రాక్టరుకు పసుపు రాశారు, బంతిపూల దండ వేశారు, వాలు మధ్యలో అందంగా కనిపించే చోట నిలబెట్టారు. దాని వెనక, బారెడు దూరంలో, నడుమెత్తు రాతిగట్టు. షెడ్డు ముందు షామియానా, మైకు. సింహాద్రమ్మ దిమ్మ పెట్టబోతుంటే సోమయాజులు గారు పంచె కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"తియ్యి, తియ్యి! విదేశాలవాళ్లు ఇచ్చిన బండికి కట్టె అడ్డం పెట్టి నడుపుతున్నామని ఫొటోలో పడితే పరువేం కావాలి? నువ్వు కూడా ఇక్కడ ఉండకు. షెడ్డు వెనక్కి పోయి గ్లాసులు కడుగు."

"మీరే గదా బాబూ కదలొద్దన్నారు?" అంది సింహాద్రమ్మ.

"ఇప్పుడు కదలమంటున్నాను."

సింగన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పొడుగాటి మనిషి, గూడు పడిన భుజాలు, మోకాళ్ల దగ్గర మాసికలేసిన ఖాకీ పంట్లాం. "ఇంజను ఆపితే జారిపోద్దండి. ఆడనీయండి, నాను మీదే కూకుంటాను" అన్నాడు.

"ఆ మోతలో మాటలు వినిపిస్తాయా? చిన్న రాయేదో కనపడకుండా పెట్టుకో. దిగి వెనకాల డ్రమ్ము మీద చెయ్యేసి నిలబడు. ఎంతసేపని!"

సింహాద్రమ్మ దిమ్మను చంకన పెట్టుకుని వెళ్తూ, "బావూ, రాయి నమ్మకు. ఎర్రరాయి, పిండైపోద్ది" అంది.

"సూత్తాను గదప్పా. నువ్వెల్లు" అన్నాడు సింగన్న. వరసకు ఏమీ కాకపోయినా ఆమెను అప్పా అనే పిలిచేవాడు. మధ్యాహ్నం తన చోడంబలిలో సగం పోసేవాడు. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ ఆమె తిట్టే తిట్లన్నీ నవ్వుతూ వినేవాడు.

ఫొటోలు అయ్యాయి. దండలు అయ్యాయి. సోమయాజులు గారు మైకు పట్టుకున్నారు. వాలు భూములకు ఇలాంటి యంత్రం వరమనీ, కూలీల కష్టం తీరిపోయిందనీ చెబుతున్నారు. షామియానా కింద అందరూ ఆయన వైపే తిరిగి ఉన్నారు. షెడ్డు మూల నుంచి ట్రాక్టరు వైపు చూస్తున్నది సింహాద్రమ్మ ఒక్కతే. చేతిలో ఎంగిలి గ్లాసు, చంకన దిమ్మ.

సింగన్న నిలబడిన తీరు మారింది. ముందు డ్రమ్ము మీద చెయ్యి ఉంది. తర్వాత రెండు చేతులూ వేశాడు. తర్వాత మెల్లగా తిరిగి, వీపు డ్రమ్ముకు ఆనించి, కాళ్లు రాతిగట్టుకు తన్నిపెట్టాడు. మోకాళ్లు కొంచెం వంగాయి. ఇంకొంచెం వంగాయి. అరిస్తే పదిమంది వచ్చేవాళ్లే. సభలో పెద్దలు మాట్లాడుతుంటే అరవడం మర్యాద కాదని ఊరుకున్నాడు. ఇరవై ఏళ్లు నేర్పిన మర్యాద అది. షెడ్డు వైపు ఒక్కసారి చూశాడు.

సింహాద్రమ్మ గ్లాసు పారేసి పరిగెత్తింది. యాభై దాటిన కాళ్లు, ఎగుడుదిగుడు నేల. వెళ్లి దిమ్మను చక్రం కిందికి తోసింది, మడమతో తన్నింది. ట్రాక్టరు ఠక్కున ఆగింది. అయితే అప్పటికే సింగన్న మోకాళ్లు గుండెకు ఆనుకున్నాయి. చక్రం వెనక ఎర్రరాయి పొడి మాత్రం ఉంది.

"పెట్టీసినాను బావూ" అంది ఆమె. సింగన్న పలకలేదు.

ఆమె కేక వేస్తే అప్పుడు సభ కదిలింది. మగవాళ్లు బండిని పైకి నెట్టి పట్టుకుని అతన్ని బయటికి లాగారు. ఆ నెట్టిన జానెడు మేరకు సింహాద్రమ్మ దిమ్మను మళ్లీ ముందుకు జరిపింది. పెద్దాఫీసరు జీపులోనే నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. నర్సీపట్నం పొలిమేర రాకముందే ప్రాణం పోయిందని జీపు తిరిగొచ్చాక చెప్పారు. షామియానా విప్పేశారు. టీ చల్లారిపోయింది.

పొద్దువాలాక సోమయాజులు గారు ఆమె దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించారు. "చూడు, రేపు ఎవరైనా అడిగితే, నువ్వు దిమ్మ పెట్టడం మర్చిపోయి ఎటో వెళ్లావని చెప్పు. నీమీద ఈగ వాలకుండా నేను చూసుకుంటాను."

సింహాద్రమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "నాను మర్సిపోనానా? ఏడేళ్ల పిల్లప్పట్నుంచి మర్సిపోనేదు బాబూ. తియ్యమన్నది నువ్వు. గ్లాసులు తొమ్మన్నది నువ్వు. ఆడి పెళ్లాం ఒత్తాది, ఆయమ్మతో సెప్తాను. కలెట్రొచ్చినా అదే సెప్తాను. ఏటి సేత్తావో సేసుకో!"

ఆఫీసరును నువ్వు అన్నందుకు కూలీలు బిక్కచచ్చిపోయి చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. "రేపటినుంచి పనిలోకి రాకు. నీ దిమ్మ తీసుకుని పో" అన్నారు.

"నాను పెట్టింది నాను తియ్యను. సింగన్న కోసం పెట్టినాను. కావాలంటే నువ్వు తియ్యి."

ఆయన ట్రాక్టరు వైపు రెండడుగులు వేసి ఆగిపోయారు. దిమ్మ లాగితే బండి ఎటు వస్తుందో ఆయనకూ తెలుసు. కూలీల వైపు చూశారు. ఒక్కడూ కదల్లేదు. సింహాద్రమ్మ కొంగు దులుపుకుని మెట్ట దిగి వెళ్లిపోయింది. మళ్లీ ఆ తోట ముఖం చూడలేదు.

ఆ ట్రాక్టరును తోలడానికీ ఎవరూ రాలేదు. వానలు వచ్చాయి, బంతిదండ కుళ్లి రాలిపోయింది, నారింజరంగు వెలిసింది. వెనక చక్రం కింద చింతదిమ్మ తాడుతో సహా అలాగే ఉంది.