ఏ సగమో ముందు చెప్పేది ఎవరు

నవంబరు పద్నాలుగు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం పిల్లల పండుగని బడిలో పంచిన బూందీ లడ్డు. జయరాజ్ మాస్టారు దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి అటెండరు ఓబులేసుకిచ్చాడు. జీడిపప్పున్న ముక్క తన చేతిలోనే ఉండిపోయిన సంగతి అప్పుడు గమనించలేదు.

కర్నూలు పొలిమేరలోని ఆ పెద్ద బడిలో ఆయన పదకొండో తరగతికి అమెరికా చరిత్ర చెబుతాడు. అమెరికా వాళ్లే పరీక్ష పెట్టే కాలేజీ స్థాయి కోర్సు. తీసుకున్నది నలుగురే. మే నెల పరీక్షకు పేర్లు పంపే గడువు ఆ సాయంత్రంతో సరి. ఆయన జేబులో సుజన రాసిచ్చిన కాగితం ఉంది: "ఈ దేశం నాకు అర్థం కావడం లేదు సార్. నా పేరు తీసేయండి." పత్తికొండ పక్క పల్లె నుంచి ఉచిత సీటు మీద వచ్చిన పిల్ల. జూన్ నుంచి తరగతిలో నోరు విప్పలేదు. సంతకం పెట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

చివరి పీరియడ్‌లో బానిసత్వం రద్దయ్యాక నల్లవాళ్లు పత్తి చేలల్లో ఎలా బతికారో చెబుతూ, 'షేర్‌క్రాపర్' అన్న మాట పక్కన బోర్డు మీద 'కౌలు రైతు' అని రాశాడు. ఎనిమిదేళ్లుగా అలాగే రాస్తున్నాడు.

"కౌలు కాదు సార్," అంది సుజన. "కౌలంటే పండినా పండకపోయినా ఇంతని కట్టేది. ఇది కోరు. పండిన దాంట్లో భాగం."

"ఏందే, నీకు నోరుండాదా!" అన్నాడు వెనక నుంచి భూపేష్. "మా జేజినాయనా చేను కోరుకే ఇస్తాండె సార్. సగం సగం. అంతకంటే న్యాయం యాడుంటాది?"

"సగమేలేప్పా," అంది సుజన. "కల్లంలో చెనిక్కాయలు రెండు కుప్పలు పోస్తారు. ఏ కుప్ప కావాలో ముందు చెప్పేది భూమి ఉండే ఆయప్ప. మట్టి కలిసిన కుప్ప మా గంగక్కవ్వకు."

భూపేష్ గొంతు తగ్గించాడు. "మీ అవ్వ చేసింది ఎవరి చేను?"

"మీది కాదులే, బయపడొద్దు."

అందరూ నవ్వారు. భూపేష్ కూడా.

మాస్టారుకు లడ్డు గుర్తొచ్చింది. 'కౌలు రైతు' తుడిచేసి సుజనకు సుద్దముక్క ఇచ్చాడు. "ఈ కుప్పల సంగతి పుస్తకంలో లేదమ్మా. నువ్వు చెప్పు."

ఆమె బోర్డు మీద రెండు కుప్పలు గీసింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

అందరూ వెళ్లాక మాస్టారు బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఆమె రాసిచ్చింది, రెండోది పరీక్షకు పంపే పేర్ల పట్టీ.

"ఏది కావాలో ముందు నువ్వే చెప్పమ్మా."

సుజన తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది. "సార్, ఆడ అమెరికాలో కూడా ముందు దొరే ఎంచుకుంటాండెనా?"

"తెలీదమ్మా. రేపు ఇద్దరం వెతుకుదాం."

పట్టీ ఆఫీసులో ఇచ్చి వచ్చేసరికి ఓబులేసు తాళంతో నిలబడి ఉన్నాడు.

"బోర్డు తుడిచేదా సార్?"

"వద్దప్పా, ఉండనీ."

ఓబులేసు రెండు కుప్పల వైపు ఒకసారి చూసి, లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.