చిట్టియ్య వీపు మీద క్లిప్పు

"తుపాకీ గాయాలా? గోదావరికి ఇవతల పేలిన ప్రతి గుండూ నా చేతుల మీదుగానే బయటికొచ్చిందండి," అని హౌస్ సర్జన్ ప్రసన్నకుమార్ నర్సులకి చెప్పిన పావుగంటకే, పెద్దాపురం అవతల జీడితోట నుంచి చిట్టియ్యని ఆటోలో తెచ్చారు. పందుల మీద పేల్చిన నాటు తుపాకీ గుండు పోయిపోయి చిట్టియ్య డొక్కలో దిగింది.

"ముందేం చెయ్యాలి?" అన్నారు పెద్ద సర్జన్ చంద్రరావుగారు.

"గుండు పీకెయ్యాలండి!" అన్నాడు ప్రసన్నకుమార్.

"ముందు ఊపిరి, తర్వాత రక్తం, బీపీ చూడాలండి. గుండు ఎక్కడికీ పారిపోదు," అంది తోటి హౌస్ సర్జన్ దుర్గాశ్రీ.

"ఈ కేసు నువ్వే చూడమ్మా," అన్నారు చంద్రరావుగారు.

అంతే. ప్రసన్నకుమార్ కడుపుమంటకి వార్డులో ఏసీ చల్లబరచడం మానేసింది. దుర్గాశ్రీ సెలైన్ ఎక్కించింది, పొట్ట నొక్కి చూసింది, చిట్టియ్యని పక్కకి తిప్పి వీపంతా వెతికింది. డొక్కలో ఉన్న ఒక్క కన్నం పక్కన కాగితాల క్లిప్పొకటి టేపేసి అంటించింది. ఎక్స్‌రేలో కన్నం కనపడదు, క్లిప్పు కనపడుద్ది.

ఆవిడ అటు వెళ్లగానే మనవాడు ఇంకో క్లిప్పు తీసి, చిట్టియ్య వీపు మీద పుట్టుమచ్చకి అంటించేశాడు. కన్నం చూళ్లేదని ఆవిడకి నాలుగు చివాట్లు పడితే చాలు, ఈ జన్మకి ఇంకేం అక్కర్లేదు.

ఎక్స్‌రే చూసి చంద్రరావుగారి మొహం మారిపోయింది.

"కన్నాలు రెండు, లోపల గుండు ఒకటి. మూడు! గుండు లోపలుంటే ఒక కన్నం, బయటికెళ్తే రెండు; కన్నాలూ గుళ్లూ కలిపితే ఎప్పుడూ సరిసంఖ్య రావాలి. అంటే ఇంకో గుండు ఎక్స్‌రేకి అందకుండా పొట్టలో ఎక్కడో ఉంది. వెనక చూళ్లేదా అమ్మా? థియేటర్ రెడీ చెయ్యండి, పొట్ట తెరుద్దాం."

"చూశానండి. ఒక్కటేనండి," అంది దుర్గాశ్రీ.

"పొట్టంతా కోసేత్తారాండి?" అన్నాడు చిట్టియ్య.

ప్రసన్నకుమార్ కోరుకున్నది చివాట్లు, కత్తి కాదు.

దుర్గాశ్రీ చిట్టియ్యని మళ్లీ తిప్పి, వీపు మీద రెండో క్లిప్పు టేపు పీకింది. కింద నల్లటి పుట్టుమచ్చ.

"ఎవరు పెట్టారిది?"

ప్రసన్నకుమార్ సీలింగు ఫ్యానుకి రెక్కలెన్నో లెక్కెట్టడం మొదలెట్టాడు.

"ఆ బాబుగారేనండి," అన్నాడు చిట్టియ్య. "వైద్యం అనుకున్నానండి. శానా నెమ్మదిగా పెట్టారండి, పాపం."

అందరూ ఇటు తిరిగారు.

"నేనేనండి," అన్నాడు ప్రసన్నకుమార్. "కేసు ఆవిడకిచ్చారని కుళ్లుకుని పెట్టానండి. ఆవిడ సరిగ్గానే చూసింది. ఆయన పొట్ట కొయ్యకండి."