థామసిన్‌ని అడిగిన ప్రశ్నలు

మా పాదిరి జర్వేస్ హోల్ట్ గారు మెత్తని మనిషి. పైవాళ్లు ఏం చెప్పినా కాదనలేడు. అదే ఆయన్ని ముంచింది.

పాత మతాన్ని మళ్లీ తెచ్చిన మేరీ రాణి గద్దెనెక్కిన మరుసటి ఏడు, పెళ్లాడిన పాదిరులు భార్యల్ని వదిలెయ్యాలి, లేదా చర్చి వదిలిపోవాలి అని హుకుం వచ్చింది. ఒక ఆదివారం ఆయన చర్చిలో ప్రాయశ్చిత్తంగా కొవ్వొత్తి పట్టుకుని నిలబడి, "ఈ థామసిన్ నా భార్య కాదు, ఇన్నాళ్లూ ఆమెతో పాపంలో బతికాను" అని ఊరందరి ముందూ కాగితం చూసి చదివాడు. ఆమె మూడో వరసలో కూర్చుని వింది. చర్చి పెద్దగా ఆ కాగితం మీద సాక్షి గుర్తు పెట్టింది నేనే. మధ్యాహ్నానికల్లా ఆమె మూట కట్టుకుని తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది.

ఎలిజబెత్ రాణి వచ్చాక పాదిరులు పెళ్లాడొచ్చన్నారు. అయినా ఆయన ఆరేళ్లు కదల్లేదు. అడిగితే, "ఏ మొహం పెట్టుకుని వెళ్లను, రాల్ఫ్?" అనేవాడు. చివరికి నేనే ఆమె తమ్ముడింటికి వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆమె మీగడ చిలుకుతోంది. ఆయన గడప దాటకుండానే, మళ్లీ పెళ్లి చేసుకుందామని వచ్చిన విషయం చెప్పాడు. అయితే పాదిరి పెళ్లాడబోయే మనిషిని ఇద్దరు న్యాయాధికారులు పిలిచి విచారించి, యోగ్యురాలేనని ఉత్తరం రాసిస్తే తప్ప బిషప్పుగారు పెళ్లికి ఒప్పుకోరు.

ఆమె చెయ్యి ఆపలేదు. "నా యోగ్యత చూస్తారా? మరి నన్ను వదిలేసినాయన యోగ్యత ఎవరు చూస్తారట?"

"ఎవరూ చూడరు," అన్నాడాయన తల వంచుకుని.

"వస్తాలెండి. తమ్ముడింట్లో మూలన పడి ఉండి విసుగొచ్చింది. అంతకు మించి ఏమీ అనుకోకండి."

విచారణలో పెద్ద అధికారి వరసగా అడిగాడు. తాగుతావా? పరాయి మగవాళ్లతో మాటలున్నాయా? ఇరుగుపొరుగుతో తగాదాలు? అన్నిటికీ లేదని తిన్నగా చెప్పింది.

"మరి ఈయనకి దూరంగా పదకొండేళ్లు ఎందుకున్నావమ్మా?"

ఆమె పాదిరిగారి వైపు తిరిగింది. మేమందరం ఆయన్నే చూశాం.

"అప్పటి హుకుం అలా ఉందండి," అన్నాడు నేల చూస్తూ.

"హుకుం వచ్చిన మాట నిజమేనండి," అంది థామసిన్, గొంతు పెంచకుండా. "పక్క ఊరి పాదిరికీ వచ్చింది. ఆయన చర్చి వదులుకుని, భార్యని తీసుకుని కూలికి పోయాడు."

అధికారి కాగితాల్లో తల దూర్చాడు. నా చెవులు భగ్గుమన్నాయి. ఆనాటి కాగితం మీద గుర్తు ఎందుకు పెట్టావని నన్నూ అడగాల్సిందే, ఎవరూ అడగలేదు.

ఉత్తరం ఇచ్చారు, పెళ్లయింది. ఆమె కోళ్లు పెంచింది, ఇల్లు చక్కదిద్దింది. పాత సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"తిట్టినా బాగుండేది, రాల్ఫ్," అన్నాడాయన ఒక రోజు. "గంజి పోసి, ఇంకొంచెం కావాలా అని అడుగుతుంది. తలెత్తి చాలని చెప్పడానికీ సిగ్గుగా ఉంటుంది."

కడదాకా అలాగే బతికాడు. ఆయన్ని సమాధి చేసిన రోజు థామసిన్ ఏడ్చిందో లేదో నాకు తెలీదు. ఆమె వైపు చూడలేకపోయాను.