దేవుడి మొక్క

భ్రమరాంబ పెరట్లోకి గుర్రపుడెక్క తనంతట తాను రాలేదు. ఆవిడే అడిగి మరీ తెప్పించుకుంది.

ఏలూరు బజారులో పప్పుల కొట్టు రామమూర్తిగారి భార్య అంటే తెలియనివాళ్లు తక్కువ. ఆవిడ పూజ సంగతి తెలియనివాళ్లు ఇంకా తక్కువ. శుక్రవారం పొద్దున్న ఆ ఇంటికి ఫోను చేసినవాడికి నిలువునా చీవాట్లే. అలాంటి ఓ శుక్రవారం, కొల్లేటి లంక నుంచి తామరపూలు తెచ్చే పెద్దింటమ్మ గంపలో, అడుగున ఊదారంగు పూలగుత్తి ఒకటి చిక్కుకుని వచ్చింది. భ్రమరాంబ మనసు దాని మీద పడింది.

"అది ఇంట్లో పెంచే మొక్క కాదండి అమ్మగారూ, గుర్రపుడెక్కండి" అంది పెద్దింటమ్మ. "మా తామర మడుగులోకి రాకుండా వెదురుతడిక అడ్డుకట్టి కాపలా కాసుకుంటన్నావండి."

"తొట్టిలో పెడితే ఎక్కడికి పోతుందే? పైవారం ఒక్క మొక్క పట్రా."

పెద్దలు అడిగితే కాదనడం పెద్దింటమ్మకి చేతకాదు. పెళ్లయిన కొత్తల్నుంచీ ఆ ఇంటి అరుగు మీద కాఫీ తాగుతున్న మనిషి. తెచ్చి ఇచ్చింది.

ఆ మొక్క ఏకై వచ్చి మేకై కూర్చుంది. నెల తిరక్కుండా సిమెంటు తొట్టి నిండిపోయి, నీళ్లన్నవి కంటికి కనబడకుండా పోయాయి. పూలు మాత్రం బాగా పూసింది. భ్రమరాంబ రోజూ లక్ష్మీదేవి పటానికి ఓ గుత్తి పెట్టి మురిసిపోయేది. చిక్కల్లా ఎక్కువైన మొక్కలతోనే వచ్చింది. దేవుడికి పూలిచ్చిన మొక్కని మునిసిపాలిటీ చెత్తబండిలో, చేపపొలుసుల మధ్య పడేయడం ప్రాణం మీదకొచ్చినా ఆవిడ వల్ల కాదు.

మేడ మీద అద్దెకుండే నిహారిక కాలేజీలో బోటనీ చెబుతుంది. ఆ పిల్ల ఓ రోజు మెట్లు దిగుతూ ఆగింది.

"పిన్నిగారూ, దాన్ని నీళ్లలో మాత్రం వదలకండి. ఒక్క ముక్క చాలు, మళ్లీ అల్లుకుపోతుంది. పూత రాకముందే తీసి, వేళ్లు పైకి పెట్టి డాబా మీద బాగా ఎండనివ్వండి. ఎండాక గొయ్యి తీసి పాతేయండి."

"ఎండబెట్టడానికి అవేమైనా వడియాలా అమ్మా" అని నవ్వేసింది భ్రమరాంబ. చదువుకున్నవాళ్లకి ఆచారాలేం తెలుసు అనుకుంది పైగా.

నిర్మాల్యాన్ని పారే నీళ్లలో వదలాలి. వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకి వాళ్లమ్మ చెప్పింది. ఆ అమ్మమ్మల రోజుల్లో నిర్మాల్యం అంటే నాలుగు మందారాలు, చిటికెడు పసుపు. అయినా సరే, ఎక్కువైన మొక్కలు తీసినప్పుడల్లా వాటికి పసుపు, కుంకుమ పెట్టి, కిందటి రోజు దేవుడి దండ చుట్టి, బకెట్లో సర్దేది. రామమూర్తి ఆ బకెట్ని స్కూటరు మీద కాలవ దాకా మోసేవాడు. ఆయనకి భార్య మాటకి ఎదురుచెప్పే అలవాటు ఏ జన్మలోనూ ఉన్నట్టు లేదు. మొక్కలు పూలతో సహా తేలుతూ వంతెన కిందనుంచి వెళ్లిపోయేవి. భ్రమరాంబ దణ్ణం పెట్టుకునేది. వంతెన దాటాక అవి ఎటు పోతాయో ఆవిడ అడగలేదు. మన ఇంట్లోంచి బయటికి పోతే చాలు, లోకంలోంచే పోయిందనుకుంటాం కదా మనం.

ఏడాది తిరిగేసరికి పెద్దింటమ్మ గంప తేలికైంది. నిండుగా వచ్చే పూలు సగమయ్యాయి, తర్వాత నాలుగైదు మొగ్గలయ్యాయి. "మా వాటా ఎవరికిచ్చేస్తున్నావే?" అని భ్రమరాంబ ఓసారి మూతి ముడుచుకుంది కూడా. పెద్దింటమ్మ ఖాళీ గంప సర్దుకుని లేచింది.

శ్రావణమాసం ఇంకో రెండు వారాలుందనగా ఖాళీ చేతులతో వచ్చి అరుగు మీద కూర్చుంది.

"చెప్పి పోదావని వచ్చేనండి. ఆకివీడు రొయ్యల షెడ్డులో పనికి కుదిరేనండి. మా మడుగు పోయిందండి అమ్మగారూ."

ఆ మడుగే వాళ్ల పొలం, వాళ్ల కొట్టు. మొగుడు సూరిబాబు వలకి పడే చేపలు తిండికి సరిపోతే, పిల్లల చదువులు గడిచింది తామరపూల మీదే. భ్రమరాంబకి ఆ మడుగు ఎందుకో చూడాలనిపించింది. ఆటో మాట్లాడించి, పెద్దింటమ్మని ఎక్కించుకుని బయల్దేరింది.

లంక దగ్గర సూరిబాబు పడవ మీద తీసుకెళ్లాడు. మడుగు మొదట్లోనే పడవ ఆగిపోయింది. ముందంతా పచ్చటి చాప పరిచినట్టుంది. నీళ్లు లేవు, తామరాకు లేదు. అక్కడక్కడా ఊదారంగు పూలు మాత్రం పెళ్లివారి పందిరిలోలా కళకళలాడుతున్నాయి. భ్రమరాంబ వాటి మీద నుంచి చూపు తిప్పుకుంది. పడవ పక్కన కుళ్లుతున్న మొక్కల మధ్య ఎర్రదారం కనబడింది. చేత్తో లాగితే వాడిన బంతిపూల తొడిమలతో సహా వచ్చింది. అందరూ అరటినారతో, తెల్లదారంతో దండలు కడితే, కొట్లో పొట్లాలు కట్టే ఎర్రదారంతో కట్టేది ఏలూరంతటికీ తనొక్కతే.

"మనుషుల్ని పెట్టి తీయిస్తానే, ఎంతైనా సరే" అంది గబగబా.

"ఇంక లాభం లేదండి" అంది పెద్దింటమ్మ. "కింద తామర దుంప కుళ్లిపోయిందండి."

"మరి తడిక ఉందన్నావుగా? ముందే గట్టు మీదకి లాగి పారేయలేకపోయావా?" అంది భ్రమరాంబ. తప్పులో కొంచెమైనా అవతలివాళ్ల మీదకి తోసేద్దామని మనిషికి ఎంత ఆశో.

"మామూలువన్నీ లాగేసేవాళ్లవేనండి. పసుపూ కుంకుమా ఉన్నవాటిని ఎలా లాగుతావండి? గట్టు మీద దారి కదండీ, జనం తొక్కుతారు. దేవుడివి తొక్కితే పాపం కదండీ. అందుకని తడిక ఎత్తి, శుభ్రంగా ఉంటదని తామరల్లోకి వదిలేనండి."

భ్రమరాంబ దారాన్ని గుప్పిట్లో ముడుచుకుంది. చెప్పకుండా మింగేద్దామనుకుంది ఒక్క క్షణం. మింగుడుపడలేదు.

"ఇది నా దారమే, పెద్దింటమ్మా."

"తెలుసండి" అంది పెద్దింటమ్మ, నీళ్లకేసి చూస్తూ. "ఇన్నేళ్లు చూసేను, మీ చేతి ముడి నాకు తెలీదాండి? మీ పూజ గట్టిది కదా, మీ దేవుడి పూలు మా మడుగులో ఉంటే మాకు మంచి జరుగుద్దనుకున్నానండి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది భ్రమరాంబకి. తిట్టినా పడేది. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఏడ్చింది, ఇంటికొచ్చి ఏడ్చింది.

మర్నాడు తొట్టి మొత్తం ఖాళీ చేసింది. పూలూ మొగ్గలూ చూడలేదు, చిన్న ముక్క కూడా మిగలకుండా ఏరింది. వేళ్లు పైకి పెట్టి డాబా మీద వడియాల్లా పరిచింది. నిహారిక చూసి తనూ ఓ బుట్ట అందుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఇద్దరికీ తెలుసు. మొక్కలు గలగలలాడేలా ఎండాక రామమూర్తి పెరట్లో లోతుగా గొయ్యి తీశాడు.

అది శుక్రవారమే అయింది. ఆ వేళకి పెద్దింటమ్మ ఆకివీడులో ఐసునీళ్లలో చేతులు ముంచి రొయ్యల తలలు తీస్తూ ఉంటుంది. గొయ్యి నిండి, మొక్కలు పైకి పొంగి మట్టి పట్టనివ్వడం లేదు. "కాస్త తొక్కాలే" అన్నాడు రామమూర్తి. అని, భార్య మొహం చూసి తనే దిగబోయాడు.

భ్రమరాంబ ఆయన్ని ఆపింది. చెయ్యి అలవాటుకొద్దీ మొక్కల్ని తాకి కళ్లకద్దుకోవడానికి లేచింది. దాన్ని దించేసుకుని, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, గోతిలోకి దిగి తొక్కింది.